కనుమలో పేరు పెట్టి పిలవకూడదు

మా తమ్ముడు శేషయ్య ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. వాడి ఫోన్ వచ్చిందంటే వెనక ఏదో ఒక పని ఉంటుంది. ఈ చలికాలం ఒకరోజు పొద్దున్నే చేసి, నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని, బీపీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నానా అని, నరసరావుపేటలో చలి ఎలా ఉందని వరసబెట్టి అడుగుతుంటే ఇదేదో పెద్ద పనే అనుకున్నాను. అనుకున్నట్టే అయింది. "అక్కా, మన కనుమ దారిని ఫారెస్టోళ్ళు ట్రెక్కింగ్ దారి చేశారు. ఆదివారం వస్తే కార్లే కార్లు. కన్నెమ్మ గుట్ట దగ్గర బోర్డు పెట్టారు. మండపం కూడా కట్టాలని ఊరంతా అనుకుంటున్నాం. ఆ కథ నిజమేనని పాతవాళ్ళు ఎవరన్నా చెప్తే వీడియో తీసుకుంటారంట. నువ్వు తప్ప ఇంకెవరున్నారు?" అన్నాడు. ఏ కథ అని అడిగాను. "అదే, యుద్ధానికి పోయిన వీరుడి కోసం ఒక కన్నెపిల్ల ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే పడిపోయిందని." "ఒరేయ్, అక్కడ పడింది మన కోటమ్మత్త" అన్నాను. "అత్త పోయి చానా కాలమైందక్కా. ఇప్పుడు ఆవిడ అమ్మవారు. మళ్ళీ మనిషిని చేస్తావా ఏంది?" అన్నాడు.

కోపంగానే బస్సెక్కాను. వినుకొండలో దిగి, శేషయ్య పంపిన ఆటోలో బొల్లాపల్లి మీదుగా మా ఊరు చేరేదాకా ఆ కోపం తగ్గలేదు. మా ఊరు కొండల కింద ఉంటుంది. ఊరు దాటి మిరపచేలు దాటితే అడవి మొదలు. ఆ కొండల వరసలో నడుము దగ్గర నొక్కినట్టు ఒకచోట ఎత్తు తగ్గుతుంది, దాన్నే మేము కనుమ అంటాం. అవతల పశువులకు మంచి మేత. ఆ దారి పెద్ద దూరం కూడా కాదు. చుట్ట ముట్టించుకుని ఇవతల ఎక్కినవాడు అది అయిపోయేసరికి అవతల దిగుతాడని మా తాతయ్య అనేవాడు. అంత చిన్న దారికి ఉన్నన్ని కథలు మా ఊరి మొత్తానికి లేవు. పలనాటి యుద్ధంలో ఓడినవాళ్ళు ఆ కనుమ గుండానే పారిపోయారనీ, తరుముకుంటూ వచ్చినవాళ్ళు అక్కడే వాళ్ళను నరికారనీ చెప్పేవాళ్ళు. ఎక్కేచోట ఒక బండ మీద గీతలు గీతలుగా ఉంటాయి, అవి కత్తులు నూరిన గీతలంటారు. కొంచెం పైన గుర్రపు డెక్కల గుంటలు. మలుపులో ఒక వీరగల్లు, కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన రాయి, పక్కకు ఒరిగిపోయి ఉండేది. ఒళ్ళు దురదపెట్టిన గేదెలన్నీ ఆ వీరుడికే రాసుకునేవి, పాపం ముక్కూ మొహమూ అరిగిపోయాయి.

ఆ కథలన్నిటికన్నా పెద్దది ఒక కట్టడి. కనుమలో అడుగుపెట్టాక ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. అక్కడ పడిపోయిన వీరులకు పిండం పెట్టే దిక్కు లేకపోయిందట. చెట్ల కింద కూర్చుని దారినపోయేవాళ్ళ పేర్లు వింటూ ఉంటారట, విన్న పేరుతో ఆనక పిలుస్తారట, పలికితే వెంట తీసుకుపోతారట. మరి మనుషులు ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలి? మోసుకుపోయే వస్తువును బట్టి. మా నాయనమ్మ పొద్దున్నే గడప దగ్గర నిలబడి, కనుమకు బయల్దేరిన ప్రతి మనిషినీ ఎగాదిగా చూసి పేరు పెట్టేది. "నువ్వు తవుడు బస్తావి. నువ్వు పగ్గం చుట్టవి. ఏమే, నువ్వు రొట్టెల మూటవి, దారిలో ఇంకెవరన్నా రొట్టెలు మోస్తుంటే పెద్ద రొట్టెల మూటవి." ఆ రొట్టెల మూటను నేనే. మా ఊరికి కొత్తగా వచ్చిన ఒక అల్లుడు మొదటిసారి కనుమ దాటిన రోజు చంకలో మేకపిల్ల ఉంది. ఆయన ముసలివాడై మనవలను ఎత్తుకున్నాక కూడా ఊరంతా ఆయన్ను మేకపిల్ల అనే పిలిచింది. ఆయనా దానికే పలికేవాడు.

మా కోటమ్మత్త పేరు చల్లకుండ. నాన్నకు ఒక్కతే చెల్లెలు. అప్పుడు నేను బడికి వెళ్ళే వయసు, శేషయ్య ఇంకా నిక్కర్లు తడుపుకునే వయసు. ఎండాకాలం మేత కోసం తాతయ్య పశువుల మందను కనుమ అవతలికి తోలుకుపోయి, వానలు పడేదాకా అక్కడే పాకలో ఉండేవాడు. రోజూ పొద్దెక్కాక అత్త ఆయనకు కూడు తీసుకెళ్ళేది. తెల్లవారకముందే నాయనమ్మ చల్ల చిలికేది. కవ్వం తిరిగే చప్పుడు, వెన్న వాసన, పొయ్యిలో పిడకల పొగ, పెనం మీద జొన్నరొట్టె మాడే వాసన, ఇవన్నీ కలిసి ముక్కుకు తగిలితే గానీ నాకు మెలకువ వచ్చేది కాదు. అత్త తలంటుకున్న రోజున ఆ వాసనల్లో కుంకుడుకాయ కూడా కలిసేది. ఆమెకు నవ్వెక్కువ. తల మీద చుట్టకుదురు, దాని మీద కుండ, కుండ మూతికి వేపరెమ్మ కట్టుకుని, మెడ కదపకుండా కళ్ళతోనే నన్ను వెక్కిరిస్తూ వెళ్ళేది. నేను వెంటపడితే, "ఓ రొట్టెల మూటా, నడవలేక ఏడిస్తే నిన్ను కత్తులబండ మీద కూచోబెట్టి పోతా" అనేది. ఏడిస్తే ఎత్తుకునేది కూడా ఆమే.

ఆ రోజు నాకు జ్వరం, వెళ్ళలేదు. మధ్యాహ్నం తాతయ్యకు అన్నం పెట్టి అత్త ఖాళీ కుండతో తిరుగుముఖం పట్టింది. మాపటేళకు కూడా ఇల్లు చేరలేదు. అప్పుడప్పుడూ తండ్రి దగ్గరే ఉండిపోయేది కాబట్టి నాయనమ్మ తొందరపడలేదు. పొద్దు వాలాక మంద కాడి నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకడు, "కోటమ్మ ఎప్పుడో వచ్చింది గదా" అన్నాడు. నాన్న ఇవతలి నుంచి మనుషులను తీసుకుని బయల్దేరాడు. ముందుగా పరిగెత్తిన ఒక కుర్రాడి చేత అవతల తాతయ్యకు కబురందింది. ఆయన కర్ర కూడా పట్టుకోకుండా కనుమలోకి పరిగెత్తాడు. కూతురు కనపడని తండ్రికి కట్టడి ఏం గుర్తుంటుంది? చల్లకుండా అని పిలవలేదు. "కోటీ, కోటమ్మా" అని దారి పొడుగునా గొంతు చించుకుని పిలుచుకుంటూ వచ్చాడు. ఎక్కడా పలుకు లేదు. మలుపు దగ్గర నాన్నవాళ్ళు ఎదురైతే, "అటంతా పిలిచానురా. పలకలేదు. అక్కడ లేదు" అన్నాడు. తండ్రి గొంతు విని పలకకుండా ఎలా ఉంటుంది? అందరూ ఆ మాటే నమ్మారు. వెతుకులాట అంతా ఇవతలి పక్కనే సాగింది.

అత్త అవతలే ఉంది. వీరగల్లు దాటిన తర్వాత దారి పక్కన ఒక వాగు గండి ఉంది. దాని అంచున తునికిచెట్టు. పళ్ళు కోసుకోబోతే కాలికింద రాయి జారి గండిలో పడింది. మర్నాడు ఎండ ముదిరాక, మేకల వెంట వచ్చినవాళ్ళు చూశారు. మంచం మీద మోసుకొచ్చి మా వాకిట్లో దించారు, బండి కట్టి వినుకొండ ఆసుపత్రికి తీసుకుపోవాలని. ఆమె పైట చెంగులో తునికిపళ్ళు మూటకట్టి ఇంకా అలాగే ఉన్నాయి. మా అమ్మ నా చేతికి నీళ్ళ చెంబిచ్చి తలవైపు నిలబెట్టింది. తాతయ్య ఆమె మొహం మీదికి వంగి, "అంత పిలిచాను గదమ్మా, వినపడలేదా?" అన్నాడు. అత్త కళ్ళు తెరిచి చాలా మామూలుగా, అన్నంలోకి ఏం కూర అంటే చెప్పినట్టు చెప్పింది. "వినపడింది నాయనా. పేరు పెట్టి పిలిచావు గదా. నువ్వు కాదనుకున్నా. చల్లకుండా అంటే పలుకుదామని కాసుకునున్నా." బండి ఊరి పొలిమేర దాటకముందే ప్రాణం పోయింది.

తర్వాత నేను నర్సు ట్రైనింగ్ చేశాను. ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే నాలుగు డబ్బులు వస్తాయని చెప్పేదాన్ని. తొడ ఎముక విరిగితే లోపల్లోపలే నెత్తురు పోతుందని, కాలికి కట్టెలు కట్టి కదలకుండా వేళకు తెస్తే బతుకుతారని క్లాసులో చెప్పినరోజు అన్నం తినలేకపోయాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి వార్డులో రోగిని పేరు పెట్టి గట్టిగా పిలిచేదాన్ని, మత్తులో ఉన్నా సరే. "ఈవిడకు గొంతెక్కువ" అని డాక్టర్లు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ అనుకునేదాన్ని.

అత్త పోయాక మా ఇంట్లో రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. నాయనమ్మ ఇక ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. కనుమలోనే కాదు, ఇంట్లో, పొలంలో, ఎక్కడా. కనుమ పేర్లు కూడా పెట్టడం మానేసింది. అన్నానికి పిలవాలంటే చెంబు మీద గరిటెతో కొట్టేది. కోపమొస్తే ఇదిగో అనేది, ముద్దొస్తే దగ్గరికి లాక్కునేది. ఆ కట్టడిని కూతురికి నేర్పింది ఆమే మరి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అననక్కర్లేకుండానే ఆమె అనుభవించింది. తాతయ్యది పూర్తిగా తలకిందులు. దీపాలు పెట్టే వేళ అరుగు మీద కూర్చుని ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచేవాడు. "శేషయ్యా." ఆఁ. "పూర్ణా." ఆఁ, అని నేను. ఒక్కరు పలకకపోయినా ఊరుకునేవాడు కాదు, దొడ్డికి వెళ్ళినా అక్కడికొచ్చి పిలిచేవాడు. అందరూ పలికాక, ఇంకా ఎవరో మిగిలినట్టు కాసేపు అలాగే వింటూ కూర్చునేవాడు. అప్పుడు నాయనమ్మ వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేది.

కన్నెమ్మ గుట్టను మొదలుపెట్టింది నాయనమ్మే. అటు వెళ్ళినప్పుడల్లా గండి అంచున ఒక ఆకురెమ్మ పెట్టి, గాలికి పోకుండా దాని మీద ఒక రాయి పెట్టేది. చూసినవాళ్ళు వాళ్ళూ పెట్టడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగేవాళ్ళు మొదట్లో ఉండేవాళ్ళు, తర్వాత అడగకుండానే పెట్టారు. గుట్ట పెరిగింది. పసుపు వచ్చింది, గాజులు వచ్చాయి. పేరు ఎటూ పలకకూడదు కాబట్టి పేరు పోయింది, కన్నెమ్మ మిగిలింది.

మర్నాడు పొద్దున్నే శేషయ్యా నేనూ బయల్దేరాం. అడవి మొదట్లో గేటు, కార్లు ఆపే జాగా, చెత్త వేయడానికి నోరు తెరుచుకున్న పెంగ్విన్ బొమ్మ. మా కొండలకూ పెంగ్విన్‌కూ ఏం చుట్టరికమో నాకు అర్థం కాలేదు. చెట్లకు పసుపురంగు బాణం గుర్తులు వేశారు. వీరగల్లును నిలబెట్టి చుట్టూ కంచె కట్టారు, అది మాత్రం బాగుంది. మాకు దారి చూపడానికి వచ్చిన అమ్మాయి పేరు అనిత. కొండ అవతలి తండా పిల్ల. ఆకుపచ్చ జాకెట్టు, మెడలో విజిలు, డిగ్రీ పాసయి గైడు పనిలో చేరింది. అదే గుంపులో విజయవాడ నుంచి వచ్చిన కుర్రకారు కూడా ఉన్నారు. అనిత వాళ్ళకు కత్తులబండ చూపింది, డెక్కల గుంటలు చూపింది, గట్టిగా, తడుముకోకుండా చెప్పింది. గండి దగ్గరికి రాగానే, "ఇక్కడ నిలబడి మీ పేరు మీరే గట్టిగా పిలవండి. కన్నెమ్మ తిరిగి పిలుస్తుంది" అంది. వాళ్ళంతా నవ్వుకుంటూ అరిచారు. రాహుల్, రాహుల్. స్నేహా, స్నేహా. అవతలి కొండ ప్రతి పేరునూ తిప్పి పంపింది. ఆ రోజు సాయంత్రం తాతయ్య పిలిచిన పిలుపు కూడా ఇలాగే రెండుసార్లు వినపడి ఉంటుంది కదా అత్తకు, ఒకటి తండ్రిది, ఒకటి కొండది. ఏది మనిషిదో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

కుర్రకారు ఫొటోలకని పైకి వెళ్ళిపోయారు. గుట్ట దగ్గర మేం ముగ్గురమే మిగిలాం. బోర్డు చదివాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి అదే అబద్ధం. అనిత ఫోన్ తీసి, "రెడీనా మామ్మా, చెప్పు" అంది. నేను నోరు తెరవబోతుంటే శేషయ్య నా చేయి పట్టుకున్నాడు. "అక్కా, ఒక్క మాట విను. నువ్వు ఉద్యోగమని ఊరు వదిలిపోయావు. నేను ఇక్కడే పెరిగా. మీ అత్త పిలిస్తే పలకక చచ్చిందంటగదరా అని ఎంతమంది నవ్వారో నీకు తెలియదు. టీకొట్టు కాడ జోకులేసుకునేవాళ్ళు. నవ్వినోళ్ళ పిల్లలే ఇప్పుడు వచ్చి దండం పెడుతున్నారు. ఆవిణ్ణి మళ్ళీ నవ్వులపాలు చేయమాక." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు మండపం గొప్పకోసం అడుగుతున్నాడనుకున్నాను అప్పటిదాకా. వాడన్నదాంట్లో తప్పేముంది? ఆమెకు ఆ మర్యాదన్నా దక్కనీ అనిపించింది. అవును, చిన్నప్పట్నించీ ఇదే విన్నామని చెప్పేసి దిగిపోదామనుకున్నాను.

ఆ ఇబ్బందిలో, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అనిత వైపు తిరిగి, "ఇట్టా అందరి చేతా పేర్లు అరిపిస్తున్నావు గదా, మీ పెద్దోళ్ళు ఏమీ అనరా?" అన్నాను. అనిత నవ్వింది. "తిడతారు మామ్మా. కానీ అవి వాళ్ళ పేర్లు గదా, నాది కాదు. నా పేరు మాత్రం ఇక్కడ ఎవరినీ పిలవనియ్యను. మా అమ్మ ఫోన్ చేసినా, నేను కనుమలో ఉన్నానంటే పేరు పెట్టదు." "ఎవరన్నా మరిచిపోయి పిలిస్తే?" "పలకను. విజిలూదితే విజిలుతో పలుకుతా. మా వాళ్ళందరికీ తెలుసు." "మరి మీ తండా పిల్లలు? మేకల వెంట వస్తారు గదా. వాళ్ళకి విజిళ్ళున్నాయా?" ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "లేవు మామ్మా. వాళ్ళకీ అదే చెప్పాం. పిలిస్తే పలకొద్దని" అంది.

శేషయ్య చేయి నా చేతి మీద నుంచి మెల్లగా జారిపోయింది. వాడు నా వైపు చూడలేదు, గుట్ట వైపు చూశాడు. నేను ఫోన్ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పేరు కోటేశ్వరమ్మ. ఇంట్లో కోటమ్మ, వాళ్ళ నాన్నకు కోటి. మా మేనత్త. నవ్వెక్కువ, మొండి కాదు, తెలివితక్కువది అసలు కాదు. పెద్దవాళ్ళు చెప్పిన మాటను మాకన్నా గట్టిగా పట్టుకుంది, అంతే. కుండ సంగతి చెప్పాను, తునికిచెట్టు సంగతి చెప్పాను, మంచం మీద ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను. ఇక్కడ పేరు పెట్టి పిలిస్తే పలకాలి, ఎవరు పిలిచినా పలకాలి, దెయ్యం పిలిచినా సరే పలకండి, మనిషి అయితే బతుకుతారు, అని చెప్పాను. చెప్పడం అయ్యాక కూడా అనిత ఫోన్ దించలేదు. అది ఇంకా తీస్తూనే ఉందో, దించడం మరిచిపోయిందో నాకు తెలియదు. శేషయ్య ఒక వేపరెమ్మ తుంచి గుట్ట మీద పెట్టి, మీద రాయి పెట్టాడు.

దిగడం మొదలుపెట్టాం. ఆ బోర్డు మారుస్తారో మార్చరో, మండపం కడితే ఎవరి పేరున కడతారో, నేను చెప్పింది ఆఫీసులో ఎవరైనా వింటారో లేదో, ఏమో. నా మోకాళ్ళ వల్ల మేమిద్దరం వెనకబడ్డాం. అనిత ముందు నడుస్తూ నడుస్తూ వీరగల్లు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నేను ఆగాను. పుట్టి బుద్ధెరిగాక ఈ కనుమలో ఎప్పుడూ చేయని పని చేశాను. "అనితా" అని పిలిచాను.

కొండ పలికింది, ఆ పిల్ల పలకలేదు. అడుగుల చప్పుడు మాత్రం ఆగిపోయింది. "ఉండక్కా, విజిలూదుద్దిలే" అన్నాడు శేషయ్య గొంతు తగ్గించి. "విజిలొద్దు" అన్నాను. మళ్ళీ పిలిచాను. మళ్ళీ కొండే. ఆ నిశ్శబ్దంలో మా తాతయ్య ఎలా నిలబడి ఉంటాడో అప్పుడు తెలిసింది నాకు. అప్పుడు శేషయ్య, నన్ను వద్దన్న మనిషి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని తాతయ్య గొంతుతో పిలిచాడు. "అనితా. మేమేనమ్మా. పలుకు."

మలుపు అవతలి నుంచి చిన్నగా వినపడింది. "ఆఁ."

శేషయ్య అక్కడే బండ మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. ఇంకొకసారి వినాలనిపించి, నేను మళ్ళీ పిలిచాను.